నల్లా తగాదాకు నంబరు లేదు

ప్రపంచంలో ఉన్న సమస్త విషయాలూ షామీర్‌పేట చెరువు దాటాక ఎడమచేతి వైపు కనిపించే మూడంతస్తుల భవనంలో ఉన్నాయి. అక్కడ లేనిది ప్రపంచంలో లేదు. ఒకవేళ ఎక్కడైనా ఉన్నట్టు ఎవరికైనా కనిపిస్తే, వాళ్లు కళ్లజోడు మార్పించుకోవాల్సిన సమయం వచ్చిందని అర్థం. ఈ సంగతే భవనం ముందున్న రాతిపలక మీద ఇంతకంటే కాస్త మర్యాదగా చెక్కి ఉంటుంది.

దాని పేరు ఉత్తర మండల మహా పరిశోధనా గ్రంథాలయం. పుస్తకాలు లక్షల్లో ఉన్నాయి, పాఠకులు పదుల్లో ఉన్నారు. (పాఠకుల్లో సగం మంది ఏసీ కోసం వస్తున్నారని ఒక ఉపసంఘం తేల్చింది. మిగతా సగం ఎందుకు వస్తున్నారో తేల్చడానికి ఇంకో ఉపసంఘం వేశారు. అది ఏసీ గదిలోనే సమావేశమవుతోంది.) ఇక్కడ ఏ పుస్తకమూ ఊరికే ఉండదు. ప్రతి పుస్తకానికీ ఒక విషయం, ప్రతి విషయానికీ ఒక నంబరు, ప్రతి నంబరుకూ ఒక అర ఉంటాయి. దీన్ని సమస్త విషయ సంఖ్యా విధానం అంటారు. పెద్దలు కూర్చుని విశ్వాన్ని ఎనిమిది భాగాలు చేశారు. ఏడు భాగాలకు పేర్లు పెట్టేసరికి భోజనాల వేళయింది కనుక ఎనిమిదో దానికి ‘ఇతరములు’ అని పెట్టి లేచారు. ఇప్పుడు ఇతరములకు రెండంతస్తులు, మిగతా మానవ విజ్ఞానానికంతటికీ కింది అంతస్తు సరిపోతున్నాయి. పై అంతస్తుల స్లాబు కిందికి వంగుతోందని ఇంజనీరు రాసిచ్చాక, ఇతరములలో ఇకపై కొత్త విషయాలు చేర్చుకోరాదని ఉత్తర్వు వచ్చింది. ఆ ఉత్తర్వు ఏ విషయం కిందికీ రాకపోవడంతో దాన్ని కూడా ఇతరములలోనే పెట్టారు.

ఇంతటి గ్రంథాలయానికి గాజులరామారం నుంచి రెండు బస్సులు మారి జాస్మిన్ అనే పిల్ల వచ్చింది.

జాస్మిన్ సమాజశాస్త్రంలో పరిశోధక విద్యార్థిని. ఆమె ఎంచుకున్న అంశం ‘గల్లీ నల్లాల వద్ద తగాదాలు: ఒక సామాజిక అధ్యయనం’. ఎంచుకుంది అనడం కూడా అంత నిజం కాదు. వాళ్ల గల్లీలో అందరికీ కలిపి ఒకే నల్లా ఉంది. ఆమె తల్లి కృపమ్మ ఒక మాత్రల కంపెనీలో ప్యాకింగ్ పని చేస్తూ, మిగిలిన ఆయుష్షంతా ఆ నల్లా ముందే గడిపింది. నీళ్లు ఆదివారం వస్తే ఆ గల్లీవాళ్లు చర్చికి ఆలస్యంగా వెళ్లినా పాస్టరు గారు ఏమీ అనరు, ఆయనా బిందె పట్టుకుని లైన్లోనే ఉంటారు కనుక. ఎవరి బిందె ముందు, ఎవరి బకెట్ వెనక, చుట్టాలింటికి పోయినవాళ్ల వంతు ఎవరికి చెందుతుంది అనే న్యాయమంతా అక్కడ నోటితోనే నడుస్తుంది. నోరు చాలనప్పుడు చేతులు కలుస్తాయి. తల్లి సగం జీవితం ఖర్చయిన చోటు ఏదో ఒక పుస్తకంలో ఉండాలని జాస్మిన్‌కు గట్టిగా ఉండేది. అది తప్పని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

రెండేళ్లు తిరిగి గల్లీ గల్లీలో మాటలు రికార్డు చేసుకుంది. అప్పుడు విశ్వవిద్యాలయం వారికి ఒక అనుమానం వచ్చింది. ఈ అంశం మీద ఇంతకుముందు ఎవరైనా పని చేసి ఉంటే? కనుక మహా గ్రంథాలయం నుంచి ‘అలభ్యతా ధ్రువపత్రం’ తేవాలన్నారు. అంటే వెతికాం, ఏమీ దొరకలేదు అని గ్రంథాలయం సంతకం చేసి ఇచ్చే కాగితం. నెలాఖరులోగా అది అందకపోతే రిజిస్ట్రేషన్ రద్దు, దాంతోపాటు ఫెలోషిప్ బంద్. కాగితం ఏమీ దొరకలేదనడానికే కనుక సులువుగానే దొరుకుతుందని జాస్మిన్ అనుకుంది. చదువుకున్న పిల్ల కదా, అట్లాగే అనుకుంటుంది.

కౌంటర్లో బాలేష్ అనే సహాయకుడు ఉన్నాడు. అతని ముందు కంప్యూటర్, కంప్యూటర్లో కేటలాగు.

“అన్నా, ‘నల్లా’ అని కొట్టి జూడు,” అంది జాస్మిన్.

బాలేష్ కొట్టాడు. ‘నల్లా: కుళాయి చూడుము’ అని వచ్చింది. కుళాయి చూశారు. ‘కుళాయి: నీటి సరఫరా చూడుము’. నీటి సరఫరా దగ్గరికి పోతే నదులు చూడమంది, నదుల దగ్గరికి పోతే నాగరికతలు చూడమంది, అక్కడికి పోతే ‘నాగరికతల పతనం చూడుము’ అని చెప్పి ఆగింది.

“గిదేందన్నా?”

“ఏది కొట్టినా ఆఖరికి గాడికే పోతది చెల్లె,” అన్నాడు బాలేష్ మామూలుగా. “మొన్న ఒకాయన మామిడికాయ పచ్చడి కొట్టిండు. గాయన గూడ గాడనే తేలిండు.”

‘తగాదా’ కొట్టారు. యుద్ధాలు చూడమంది. యుద్ధాల కింద చేరాలంటే కనీసం ఒక రాజైనా ఉండాలని నిబంధన. ‘బిందె’ కొట్టారు. అది పురావస్తు శాస్త్రంలో ఉంది. తవ్వకాల్లో దొరికిన బిందెల మీద ఒక అర నిండా పుస్తకాలున్నాయి, ఇప్పుడు నీళ్లు పట్టుకునే బిందెల మీద ఒక్కటీ లేదు. (ప్లాస్టిక్ బిందెకు అందులో చోటు కావాలంటే అది ముందు భూమిలో పూడాలి. ఆ పని మన చెరువుల చుట్టూ జోరుగా సాగుతోంది కనుక ఆశ వదులుకోనక్కర్లేదు.)

“ఏం దొరకలే గద అన్నా. ఇగ దొరకలేదని రాసియ్యి.”

“గట్లెట్ల రాసిస్త? దొరకలేదనాల్నంటె ముందు ఎతకాలె. ఎతకాలంటె నీ విషయానికి నంబరుండాలె. నంబరు లేనిదాన్ని ఎతికినట్టు లెక్కలకు రాదు. లోపల ఫణిభూషణ్ సార్ ఉంటడు, పోయి అడుగు.”

ఫణిభూషణ్ గారు విషయ నిర్ధారణాధికారి. కాకినాడ వైపు మనిషి, గుండ్లపోచంపల్లిలో కొత్త కాలనీలో విల్లా కొనుక్కున్నారు. ఆయన ఒప్పుకుంటే విషయం ఉన్నట్టు, ఒప్పుకోకపోతే లేనట్టు. ఆ అధికారాన్ని ఆయన ఎన్నడూ దుర్వినియోగం చేయలేదు. అసలు వినియోగించిన దాఖలాలు కూడా తక్కువే.

“కూర్చోమ్మా,” అన్నారాయన. మంచినీళ్లు తెప్పించారు. (మంచి మనిషి. ఈ కథలో చెడ్డవాళ్లెవరూ లేరని ముందే చెప్పేస్తే పాఠకులకు కాస్త వెతుకులాట తప్పుతుంది.) “నల్లా తగాదాలు అంటావు. చాలా బావుందమ్మా. నంబరు ఇచ్చేద్దాం. మన దగ్గర ఆ విషయం మీద మూడు పుస్తకాలు ఉన్నాయా?”

“లేవు సర్. లేవనే గద నాకు కాగితం కావాల్సింది.”

“మూడు పుస్తకాలు లేందే నంబరు ఇవ్వకూడదమ్మా. అదీ రూలు. పుస్తకాలే లేని విషయానికి నంబరు ఇచ్చుకుంటూ పోతే రేపు ప్రతివాడూ ఏదో ఒక విషయం పట్టుకొస్తాడు.”

“పుస్తకాలుంటె మరి నాకు కాగితం ఎట్లిస్తరు సర్?”

“ఉంటే ఇవ్వలేం కదమ్మా.”

“లేకపోతె?”

“లేకపోతే వెతకలేం కదమ్మా.”

ఇందులో ఏదో ఇబ్బంది ఉన్నట్టు ఆయనకూ తోచింది. నిబంధనల పుస్తకం తీసి, వేలు తడి చేసుకుంటూ చాలాసేపు తిప్పారు. చివరికి ఆయన ముఖం వెలిగింది. మూడు పుస్తకాలూ సమకూరి నంబరు వచ్చాక, ఆ విషయంలో ఇంకా చెప్పాల్సింది మిగిలే ఉందని ఒక ప్రామాణిక నిపుణుడు లిఖితపూర్వకంగా చెబితే, అలభ్యతా ధ్రువపత్రానికి బదులు ‘అసంపూర్ణతా ధ్రువపత్రం’ ఇవ్వొచ్చు. విశ్వవిద్యాలయం దాన్ని కూడా ఒప్పుకుంటుంది.

“నిపుణులంటే ఎవరు సర్?”

“కేటలాగులో ఆ నంబరు కింద పుస్తకం ఉన్నవాళ్లే నిపుణులమ్మా. కాబట్టి నువ్వు చేయాల్సిందల్లా ఎక్కడైనా ఓ మూడు పుస్తకాలు సంపాదించి ఇవ్వడం. రాసినవాళ్లు ముగ్గురూ వేరువేరు మనుషులై ఉండాలి సుమా. ఒకే మనిషి మూడుసార్లు చెబితే అది విషయం కాదు, చాదస్తం.”

జాస్మిన్ బస్సులో కూర్చుని ఆలోచించింది. ఆమె దగ్గర పుస్తకాలు లేవు గానీ రెండేళ్ల మాటలున్నాయి. తల్లి చెప్పినవి ఒక పుస్తకానికి సరిపోతాయి. పక్కింటి సత్యమ్మ చెప్పినవి ఇంకో పుస్తకం. వాల్వు తిప్పి నీళ్లు వదిలే గాలయ్య చెప్పినవి మూడోది. ఎవరి మాటలు వాళ్ల పేరు మీదే అచ్చయితే అందులో అబద్ధమేమీ లేదు. తన సిద్ధాంతగ్రంథాన్ని మూడు ముక్కలు చేసి ముందే పంచిపెట్టేస్తున్నానని తోచి కొంచెం దిగులేసింది గానీ, నెలాఖరు దగ్గరికొస్తుంటే దిగులుకు తీరిక ఎక్కడిది.

కృపమ్మ వెంటనే ఒప్పుకుంది. “నా పేరు పుస్తకం మీదేస్తరా బిడ్డా? ఎయ్యి. గా సత్యమ్మ నా బిందె తన్నింది గూడ ఎయ్యి.”

సత్యమ్మ మొదట ఒప్పుకోలేదు. కృపమ్మ పుస్తకం వస్తోందని తెలిశాక ఒప్పుకుంది, తనది ఒక్క పేజీ అయినా ఎక్కువుండాలనే షరతు మీద. వాళ్లిద్దరి మధ్య నల్లా దగ్గరి మొదటి స్థానం గురించి పాత తగాదా ఉంది. అది ఎప్పుడు మొదలైందో ఇద్దరికీ గుర్తులేదు గానీ ఎవరిది తప్పో ఇద్దరికీ బాగా గుర్తుంది. గాలయ్య మాత్రం తన ఫొటో వద్దన్నాడు, గుర్తుపట్టి జనం ఇంటికొస్తారని.

మేడ్చల్‌లో పెళ్లికార్డులు వేసే ప్రెస్సులో మూడూ అచ్చయ్యాయి. కృపమ్మ పుస్తకం పేరు ‘నా బిందె ముందుండె’. సత్యమ్మది ‘కాదు, నాదే ముందు’. గాలయ్యది ‘వాల్వు నా చేతుల లేదు’. ప్రెస్సు వాడి దగ్గరున్న బొమ్మలవే కనుక మూడు అట్టల మీదా అరటిచెట్లూ సన్నాయి మేళమూ వచ్చాయి. ఫణిభూషణ్ గారు వాటిని తిరగేసి, వివాహ వ్యవస్థ కింద వేద్దామా అని ఒక పూట ఊగిసలాడారు. బాలేష్ లోపల ఒక పేజీ చదివి వినిపించాక ఆ ఆలోచన మానుకున్నారు.

కొత్త విషయాలకు నంబర్లిచ్చే గ్రంథాలయ సంఘం కూర్చుంది. విషయానికి ‘గృహావసర జల సంఘర్షణలు’ అని నామకరణం జరిగింది. నంబరు వచ్చింది. అది ఎంత పొడుగుందంటే పుస్తకం వెన్ను మీద పట్టక అట్ట మీదికి తిరిగి సన్నాయి దాకా వెళ్లింది. ఆ రోజు జాస్మిన్ కౌంటర్ దగ్గర నిలబడి వెతికించుకుంటే స్క్రీన్ మీద తల్లి పేరు కనిపించింది. ఆమెకు కళ్లు చెమ్మగిల్లాయి. బాలేష్ మర్యాదగా ప్రింటర్ వైపు చూశాడు.

ఇక నిపుణుల అభిప్రాయం మిగిలింది. ఆ విషయంలో ప్రపంచంలో ఉన్న నిపుణులు ముగ్గురు. కృపమ్మ అభ్యర్థికి కన్నతల్లి, కనుక బంధుత్వ నిబంధన కింద పనికిరాదు. గాలయ్య షామీర్‌పేటకు వస్తే ఆ పూట నాలుగు కాలనీలకు నీళ్లు రావు, కనుక ఆయన రావడం సంఘర్షణలను పెంచుతుందని సంఘం భావించింది. మిగిలింది సత్యమ్మ. జాస్మిన్ డాక్టరు అవుతుందో లేదో ఇప్పుడు సత్యమ్మ చెప్పాలి.

ఆ సంగతి కృపమ్మకు ఆ రాత్రే తెలిసింది. మర్నాడు నీళ్లొచ్చే రోజు. ఎప్పటిలాగే తెల్లారకముందే వెళ్లి బిందె మొదట పెట్టింది. సత్యమ్మ రాగానే, ఇన్నేళ్లలో ఎన్నడూ చేయని పని చేసింది. తన బిందె ఎత్తి వెనక పెట్టి, “నువ్వు పట్టుకో అక్కా,” అంది. గల్లీ అంతా బిందెలు పక్కన పెట్టి చూసింది. జాస్మిన్ గుమ్మంలో నిలబడి అది చూసి లోపలికి వెళ్లిపోయింది. చదువు కోసం తల్లి వాయిదాలు కట్టింది, గాజులు కుదువ పెట్టింది. వాటన్నిటికంటే ఆ బిందె జరిపినప్పుడే ఆ పిల్లకు ఎక్కువ బాధ కలిగింది.

సత్యమ్మ కూడా రాయి కాదు. వంగి నీళ్లు పట్టుకుంటూ, “నువ్వు ఫికర్ జేయకు కృపమ్మా. మనది మనకెన్నున్నా, పొల్ల బతుకు ఖరాబ్ జేస్తనా?” అంది.

నిపుణురాలి కోసం గ్రంథాలయం కారు పంపింది. చేతులున్న కుర్చీలో కూర్చోబెట్టారు, శాలువా కప్పారు, జీడిపప్పు పెట్టారు. బల్లకు అవతల ఫణిభూషణ్ గారూ, సంఘం సభ్యులూ, రాసుకోవడానికి ఒకమ్మాయీ ఉన్నారు. జాస్మిన్‌ను గది చివర కూర్చోమన్నారు గానీ మాట్లాడవద్దన్నారు.

“సత్యమ్మ గారూ,” అన్నారు ఫణిభూషణ్ గారు వినయంగా. “మీ పుస్తకం చూశాం. చాలా విలువైంది. మీ గల్లీలో నల్లా దగ్గర తగాదాలు జరుగుతూ ఉంటాయి కదా. వాటి గురించి ఇంకా పరిశోధించాల్సింది ఉందంటారా?”

సత్యమ్మ గది చుట్టూ చూసింది. బల్ల, ఫైళ్లు, రాసుకుంటున్న అమ్మాయి, గోడకు జెండా. ఇస్త్రీ చొక్కాలవాళ్లు బల్లకు అవతల కూర్చుని గల్లీలో ఎవరెవరు కొట్టుకున్నారు అని అడగడం ఆమె ఇంతకుముందు ఒక్కచోటే చూసింది, అది పోలీస్ స్టేషన్. అప్పుడు పోలీసులు ఎంత అడిగినా కృపమ్మ ఈ సత్యమ్మ పేరు చెప్పలేదు.

“తగాదాలా?” అంది సత్యమ్మ. “మా గల్లీలనా? గసొంటియేం లెవ్వు సార్. మంచి గల్లీ మాది. అక్కాచెల్లెండ్ల లెక్క ఉంటం.”

“మరి పుస్తకంలో బిందెతో కొట్టినట్టు...”

“ఎవ్వరు కొట్టలే సార్. కృపమ్మ అయితె అసలే కొట్టలే. బంగారమసొంటి మనిషి.”

“పెద్దమ్మా,” అంది జాస్మిన్ గది చివరి నుంచి.

“నువ్వు ఊకో బిడ్డా, నేన్ జెప్తున్న గద,” అని సత్యమ్మ భరోసాగా కన్ను గీటింది. “రాసుకోండ్రి సార్. కొట్లాట ఎన్నడు గాలే. ఇగ అయ్యేది గూడ లేదు.”

రాసుకున్నారు. వేలిముద్ర చాలని వాళ్లంటే, సంతకమే పెడతానని పట్టుబట్టి నిదానంగా పెట్టింది. ఆ సాయంత్రం కారు దిగగానే తిన్నగా కృపమ్మ ఇంటికొచ్చి, “ఎంత అడిగినా నీ పేరు బయట పెట్టలే,” అని చెప్పింది. కృపమ్మ సంగతి అర్థమై గోడకు ఆనుకుని కూర్చుంది. తర్వాత లేచి సత్యమ్మకు చాయ్ పెట్టింది. ఆ పరిస్థితిలో ఇంకేం చేయగలదో ఈ కథకుడికి తోచడం లేదు.

గ్రంథాలయం తన పని తాను చేసింది. ఆ విషయంలో లభ్యమైన ఏకైక అర్హ నిపుణురాలు అటువంటి సంఘటనలు జరగలేదని లిఖితపూర్వకంగా చెప్పారు. జరగనివాటిని వివరించే పుస్తకాలు సామాజిక శాస్త్రంలో ఉండరాదు. కనుక మూడింటినీ తీసి కల్పనా సాహిత్యంలోకి మార్చారు. అర ఖాళీ అయింది కనుక నంబరు రద్దయింది. నంబరు రద్దయింది కనుక గల్లీ నల్లాల వద్ద తగాదాలు మళ్లీ ప్రపంచంలో లేకుండా పోయాయి. (ఆ వారం గాలయ్య మీద రెండు ఫిర్యాదులు వెళ్లాయి. నల్లా దగ్గర ఒకరి తలకు కుట్లు పడ్డాయి. అవి ఆసుపత్రి రికార్డుల్లో ఉన్నాయి, ఆసుపత్రి రికార్డులు గ్రంథాలయంలో ఉండవు.)

నెలాఖరు రోజున జాస్మిన్ ఏడుపు ముఖంతో తన ఫైలు వెనక్కి తీసుకోవడానికి వచ్చింది. ఆ ముఖం చూసి ఫణిభూషణ్ గారి మనసు కరిగింది. ఆయనకూ ఒక కూతురుంది.

“ఇలా చూడమ్మా. రిజిస్ట్రేషన్ పోనక్కర్లేదు. తెలుగు శాఖకు మార్పించుకో. కృపమ్మ అని కొత్త కథా రచయిత్రి. ‘కృపమ్మ కథల్లో పాత్ర చిత్రణ’ అని అంశం పెట్టుకో. మామూలు సాహిత్యానికి మన దగ్గర నంబరు ఎప్పుడూ ఉంటుంది, వెతకడానికి ఇబ్బంది లేదు.”

“గవి కథలు గావు సర్. మా అమ్మ జెప్పినయి.”

“కావచ్చమ్మా. కానీ కేటలాగులో కథలే కదా.”

బాలేష్ వెతికాడు. కృపమ్మ రచనల మీద ఇంతవరకు ఎవరూ పరిశోధన చేయలేదు. తెప్పించిన టీ చల్లారకముందే అలభ్యతా ధ్రువపత్రం సంతకంతో సహా చేతికొచ్చింది. జాస్మిన్ దాన్ని చాలాసేపు పట్టుకుని నిలబడింది. చించేయాలనిపించింది. ఫెలోషిప్ ఆగితే ఇంటి అద్దె ఎట్లా అనిపించింది. కాగితాన్ని నలగకుండా ఫైల్లో పెట్టుకుని బస్సెక్కింది.

సిద్ధాంతగ్రంథం రాసింది. తల్లిని పాత్ర అని రాయాల్సి వచ్చిన చోటల్లా పాత్ర అనే రాసింది. నీళ్ల కోసం నిలబడడాన్ని ‘నిరీక్షణ శిల్పం’ అనీ, బిందెతో కొట్టడాన్ని ‘నాటకీయ మలుపు’ అనీ రాసింది. పరీక్షకులుగా ఒక పెద్ద ఆచార్యుడు వచ్చారు. ఇరవై నాలుగ్గంటలూ నీళ్లొచ్చే కాలనీలో ఉంటారు, సాహిత్యంలో వాస్తవికత మీద సాధికారత ఉన్న మనిషి. డిగ్రీ ఇవ్వొచ్చని సంతోషంగా సిఫారసు చేశారు. నివేదిక చివర మాత్రం ఒక లోపాన్ని ప్రస్తావించకుండా ఉండలేకపోయారు.

‘రచయిత్రి కృపమ్మ కల్పనాశక్తి ప్రశంసనీయం. అయితే ఆమె తన జీవితంలో ఏనాడూ నల్లా దగ్గర నిలబడలేదని ప్రతి పేజీలోనూ తెలిసిపోతోంది.’